మొండికేసిన క్షయ... తప్పు రోగిదేనా?

ఫిబ్రవరి వచ్చిందంటే ముదిగొండ చుట్టుపక్కల మిరప చేలన్నీ ఎర్రబడతాయి. కాయ ఏరడానికి ఊళ్లో కూలీలు చాలరు. భద్రాచలం అడవి పల్లెల నుంచి, ఆ పైన ఛత్తీస్‌గఢ్ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఖమ్మం జిల్లాకు వస్తారు. చేను గట్టునే గుడిసె... అక్కడే వంట, అక్కడే నిద్ర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరప ఘాటులోనే పని. ఆ ఘాటుకు ఎవరు దగ్గినా ఎవరూ పట్టించుకోరు. మిరపకాయల దగ్గర దగ్గకపోతేనే వింత!

అలా వచ్చిన ఒక మనిషిని ఊహించుకుందాం. ముప్పై అయిదేళ్లు. భార్య, ఇద్దరు పిల్లలు. నెల రోజులుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు కాస్త వెచ్చబడుతోంది. మేస్త్రీ 'ఘాటు పడలేదులే అన్నా' అంటాడు. ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, అయిదు రోజులకు మాత్రలిస్తాడు. కాస్త నెమ్మదిస్తుంది. పది రోజులకు మళ్లీ మొదలు. బరువు తగ్గుతుంది. ఆఖరికి ప్రభుత్వాసుపత్రికి వెళ్తే తెమడ పరీక్షలో ఏమీ కనిపించదు. మరో నెలకు రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలుతుంది. అప్పుడు మళ్లీ వెతికితే క్షయ కూడా ఉంది! మందులు మొదలవుతాయి. కానీ తగ్గదు. ఇంకో పరీక్ష చేస్తే ముఖ్యమైన మందుకే జబ్బు లొంగడం లేదని బయటపడుతుంది.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే... 'మాత్రలు సరిగ్గా మింగి ఉండడు!'

ఈ మనిషి ఊహ మాత్రమే. కానీ ఆ మాట మాత్రం ఊహ కాదు. మందులకు లొంగని క్షయ అనగానే వేలు ముందు రోగి వైపే లేస్తుంది. అందులోనూ అతనికి హెచ్‌ఐవీ ఉందంటే ఇక చెప్పనక్కర్లేదు. మాత్రలు మధ్యలో మానేస్తే జబ్బు మొండికేయడం నిజమే. కానీ కథ అంతటితో అయిపోదు. ఒక్క మాత్ర కూడా వదలకుండా మింగినవారిలోనూ జబ్బు మొండికేసిన సందర్భాలున్నాయి. అసలు ఒక్క మాత్ర కూడా మింగకముందే మొండి క్షయ అంటుకున్నవాళ్లూ ఉన్నారు.

లక్షల్లో ఒకటి... చాలు!

క్షయ క్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి చూపించాడు. ఏటా ప్రపంచ క్షయ దినం జరుపుకొనేది అందుకే. క్రిమి దొరికినా దాన్ని చంపే మందు దొరకడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. ప్రాణం లేచొచ్చినట్టయింది వైద్యలోకానికి. 1948లో బ్రిటన్ వైద్యులు తమ పరిశోధన ఫలితాలు ప్రకటించారు. మొదట్లో రోగులు బ్రహ్మాండంగా కోలుకున్నారు. కొన్ని నెలలయ్యేసరికి చాలామందిలో మందు పనిచేయడం మానేసింది. అక్కడ రోగులు మందు ఎగ్గొట్టలేదు. ఆసుపత్రిలో నర్సులు దగ్గరుండి సూదులు వేశారు. అయినా జబ్బు మొండికేసింది!

కారణం లెక్కల్లో ఉంది. క్షయ క్రిములు రెండుగా చీలుతూ పెరుగుతాయి. అలా చీలేటప్పుడు జన్యువుల్లో చిన్న చిన్న తప్పులు దొర్లుతుంటాయి. ఏదో ఒక తప్పు ఆ క్రిమికి ఒక మందు నుంచి రక్షణ ఇస్తుంది. ఐసోనియాజిడ్ అనే మందుకు లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి పుడుతుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో క్షయ చేసిన ఒక్క గుంతలోనే కోట్ల కొద్దీ క్రిములుంటాయి. ఒకే మందు ఇస్తే మామూలువన్నీ చస్తాయి, ఆ ఒక్కటీ మిగులుతుంది. మైదానం ఖాళీ. ఇక దాని సంతానమే సంతానం!

అందుకే ఒకేసారి మూడు నాలుగు మందులు కలిపి ఇస్తారు. ఒకదాన్ని తప్పించుకున్న క్రిమి ఇంకోదానికి దొరుకుతుంది. రెండు మందులనూ ఒకేసారి తప్పించుకునే క్రిమి పుట్టడం దాదాపు అసాధ్యం. ఈ నాలుగింటిలో ఒకటైన ఇథాంబ్యుటాల్ 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టింది. మన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసే దాకా పనిచేసిన సంస్థ అదే. ఇక రిఫాంపిసిన్ వచ్చాక ఏడాదిన్నర వైద్యం ఆరు నెలలకు తగ్గింది. ఆరు నెలల వైద్యానికి వెన్నెముక అదే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని క్షయనే వైద్యులు ఎండీఆర్ టీబీ అంటారు.

కావలివాడు లేని ఇల్లు

క్షయ క్రిమి ఒంట్లోకి చేరినంత మాత్రాన జబ్బు రాదు. మనలో చాలామందిలో అది నిద్రపోతూ ఉంటుంది. రోగనిరోధక శక్తి దాని చుట్టూ గోడ కట్టి కాపలా కాస్తుంది. అలా క్రిమి ఉన్న వందమందిలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది అయిదు నుంచి పదిమందే. హెచ్‌ఐవీ దెబ్బతీసేది సరిగ్గా ఆ కాపలాదారులనే. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ బాధితుల్లో ఈ ముప్పు జీవితకాలానికి కాదు, ఏడాదికే పది శాతం దాకా ఉంటుంది.

2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టే దాకా ఈ రెండు జబ్బులూ కలిసి ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పేశాయో తెలుగు పల్లెలకు బాగా తెలుసు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో క్షయ దొంగచాటుగా వస్తుంది. ఊపిరితిత్తుల్లో గుంతలు చేసేది క్రిమి ఒక్కటే కాదు, దానితో మన రోగనిరోధక శక్తి చేసే యుద్ధం కూడా. యుద్ధమే లేకపోతే గుంతలూ ఉండవు. తెమడలోకి వచ్చే క్రిములూ తక్కువే. ఎక్స్‌రే కూడా ఒక్కోసారి శుభ్రంగా కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో అయిదు వేల నుంచి పది వేల దాకా ఉండాలి. అన్ని లేకపోతే 'నెగెటివ్' అని రాసేస్తారు. చేతిలో 'ఏమీ లేదు' అన్న కాగితం... ఒంట్లో జబ్బు!

మొదట్లో చెప్పుకొన్న ఆర్‌ఎంపీ మాత్రలూ ఇక్కడే దెబ్బ తీస్తాయి. దగ్గుకూ జ్వరానికీ రాసే కొన్ని యాంటీబయాటిక్స్, ముఖ్యంగా ఫ్లోరోక్వినోలోన్ రకం, క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. దాంతో జబ్బు కొన్నాళ్లు ముసుగేసుకుంటుంది. అసలు వైద్యం ఆలస్యమవుతుంది. మొండి క్షయ వస్తే రేపు వాడాల్సిన మందుల్లో ఒకటి ఇవాళే మొద్దుబారుతుంది.

వారానికి మూడు రోజులు

ఇక అసలు సంగతికి వద్దాం.

1997లో మన దేశంలో సవరించిన క్షయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2006 నాటికి దేశమంతా విస్తరించింది. జనం నోట్లో నానిన 'డాట్స్' అదే. కార్యకర్త ఎదురుగా మాత్రలు మింగించడం దాని ప్రాణం. రోజూ మింగించడం కష్టం కాబట్టి రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు ఇచ్చేవారు. ఇది గాలివాటంగా తీసుకున్న నిర్ణయం కాదు. మద్రాసులో, హాంకాంగ్‌లో జరిగిన పరిశోధనలు ఈ పద్ధతి పనిచేస్తుందని తేల్చాయి. కాకపోతే అవి హెచ్‌ఐవీ కాలానికి ముందు చేసినవి!

రోగనిరోధక శక్తి బాగున్న మనిషిలో మందు చంపగా మిగిలిన కొన్ని క్రిములను శరీరమే చూసుకుంటుంది. హెచ్‌ఐవీ ముదిరిన మనిషిలో ఆ సాయం ఉండదు. పైగా మరో చిక్కు. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హెచ్‌ఐవీ ముదిరినవాళ్ల పేగులు రిఫాంపిసిన్‌నూ ఐసోనియాజిడ్‌నూ సరిగా పీల్చుకోవు. అంటే కార్యకర్త కళ్లెదుటే మాత్ర మింగినా అందులో కొంత రక్తంలోకి చేరదన్నమాట.

దీనికి తోడు ఐసోనియాజిడ్ సంగతి చూడండి. 2014-16 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, అంతకుముందు క్షయ మందు ముట్టని కొత్త రోగుల్లోనే 11 శాతం మందికి ఆ మందు పనిచేయడం లేదని తేలింది. నాలుగెడ్ల బండికి ఒక ఎద్దు ముందే కూలబడితే మిగతావాటి మీద బరువు పడుతుంది. రోజు విడిచి రోజు, అదీ అరకొరగా రక్తంలోకి చేరే రిఫాంపిసిన్ దాదాపు ఒంటరిగా పోరాడాల్సి వస్తుంది. స్ట్రెప్టోమైసిన్ రోజుల్లో ఏం జరిగిందో అదే మళ్లీ జరుగుతుంది.

ఇది అనుమానం కాదు, లెక్క తేలిన విషయం. క్షయ, హెచ్‌ఐవీ రెండూ ఉన్న 331 మంది మీద తమిళనాడులో చెన్నై శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ మందులు. ఇంకో జట్టుకు మొదటి రెండు నెలలు రోజూ, ఆ తర్వాత వారానికి మూడుసార్లు. మూడో జట్టుకు మొదటి నుంచీ వారానికి మూడుసార్లే. రోజూ మింగినవాళ్లలో 91 శాతం మందికి మంచి ఫలితం దక్కింది. రెండో జట్టులో 80 శాతం. మూడో జట్టులో 77 శాతం. మూడు రోజుల జట్టులో నలుగురికి వైద్యం మధ్యలో రిఫాంపిసిన్ పనిచేయకుండా పోయింది. రోజూ మింగిన జట్టులో ఒక్కరికీ అలా జరగలేదు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులు రోజూ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. ఇక్కడ మార్పు రావడానికి 2017 దాకా పట్టింది. ఆ ఏడాది జనవరిలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొత్త రోగులకు తొమ్మిది నెలల్లో రోజువారీ వైద్యం మొదలుపెట్టాలని కోర్టు ఆదేశించింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ముందుగా, తర్వాత అందరికీ దేశమంతటా రోజువారీ మందులు వచ్చాయి.

మరి ఆ మధ్య ఏళ్లలో వారానికి మూడు రోజులు చెప్పినట్టే మింగి, జబ్బు మొండికేసిన వాళ్ల మాటేమిటి? వాళ్ల కాగితాల మీద కూడా జనం చదువుకున్నది ఒకటే... 'సరిగ్గా మింగలేదు!'

అంటుకునేది మొండి జబ్బే అయితే...

రెండో అపోహ ఇంకా ప్రమాదకరమైంది. మొండి క్షయ ఎవరికి వాళ్లు తెచ్చుకునేదే అనుకోవడం.

దక్షిణాఫ్రికాలో తుగెలా ఫెరీ అనే పల్లె ప్రాంతం ఉంది. అక్కడి ఆసుపత్రిలో 2005 జనవరి నుంచి 2006 మార్చి దాకా క్షయ రోగుల తెమడలు పరీక్షించారు. 53 మందికి దాదాపు ఏ మందుకూ లొంగని రకం ఉన్నట్టు బయటపడింది. అందులో 52 మంది చనిపోయారు. సగం మంది పరీక్షకు తెమడ ఇచ్చిన పదహారు రోజుల్లోపే ప్రాణం వదిలారు. హెచ్‌ఐవీ పరీక్ష చేసిన 44 మందికీ హెచ్‌ఐవీ ఉంది.

లోకాన్ని ఉలిక్కిపడేలా చేసింది మరో విషయం. వాళ్లలో సగానికి పైగా అంతకుముందెన్నడూ క్షయ మందు వాడనే లేదు! వాడనివాళ్లు మాత్రలు ఎగ్గొట్టేదెక్కడ? క్రిముల జన్యువులను పోల్చి చూస్తే నూటికి 85 మందిలో ఒకే జాతి క్రిమి. చాలామంది అంతకుముందు ఏదో జబ్బుతో ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాళ్లే. అంటే ఒకరి దగ్గు గాలిలోంచి ఇంకొకరికి అంటుకుంది. బలం లేని ఒంట్లోకి నేరుగా మొండి క్రిమే దిగింది.

క్షయ క్రిముల్లోనూ వంశాలున్నాయి. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించేది చాలా పాత వంశం. శాస్త్రవేత్తలు దాన్ని తూర్పు ఆఫ్రికా-ఇండియా వంశం అంటారు. ఎండీఆర్‌తో తరచుగా ముడిపడే 'బీజింగ్' వంశం ఇక్కడ తక్కువ. ఇది కొంత ఊరటే. కానీ నిశ్చింతగా ఉండే వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో జరిగిన సర్వేలో కొత్త రోగుల్లో 1.8 శాతం మందికి, అంతకుముందు వైద్యం పొందినవాళ్లలో 11.8 శాతం మందికి ఎండీఆర్ ఉన్నట్టు తేలింది. ఆ 1.8 శాతం చిన్న అంకెలా కనబడొచ్చు. వాళ్లెవరూ మాత్రలు ఎగ్గొట్టినవాళ్లు కాదు... ఇంకొకరి దగ్గు నుంచి తెచ్చుకున్నవాళ్లు!

ఇప్పుడేం మారింది?

చాలానే మారింది. సూక్ష్మదర్శినికి వేల క్రిములు కావాలి. జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రానికి ఒక మిల్లీలీటరు తెమడలో నూట ముప్పై చాలు. సుమారు రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో రెండూ చెప్పేస్తుంది. ఇదివరకు ఆ సంగతి తేలాలంటే క్రిమిని పెంచి చూడ్డానికి వారాల తరబడి ఆగాల్సి వచ్చేది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. కరెంటు నిలకడగా ఉండని చోటికి, అడవి అంచు పల్లెలకు దగ్గరగా తీసుకెళ్లొచ్చు.

వైద్యమూ మారింది. ఒకప్పుడు ఎండీఆర్ అంటే రెండేళ్ల శిక్ష. నెలల తరబడి సూదులు... కొందరికి ఆ సూదులతో వినికిడే పోయేది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల కొత్త వైద్యాన్ని సిఫార్సు చేసింది. బెడాక్విలిన్, ప్రెటోమనిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్... అన్నీ మాత్రలే, సూదుల్లేవు. 2024 సెప్టెంబరులో మన దేశం కూడా దాన్ని ఆమోదించింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకూ ఇది ఇవ్వొచ్చు.

ఏఆర్‌టీ మాత్రలకూ క్షయ మాత్రలకూ మధ్య ఒక పేచీ ఉంది. రిఫాంపిసిన్ లివర్‌ను ఉరకలెత్తించి, హెచ్‌ఐవీకి వాడే డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. అందుకే రెండూ కలిపి వాడేటప్పుడు డోలుటెగ్రావిర్ రోజుకు ఒకటికి బదులు రెండు మాత్రలు వేసుకోవాలి. ఈ సంగతి ఏఆర్‌టీ డాక్టరుకు తెలుసు. కానీ క్షయ మందులు ఒకచోట, హెచ్‌ఐవీ మందులు ఇంకోచోట తెచ్చుకునే మనిషి, ఒకచోట సంగతి ఇంకోచోట దాచిపెడితే? సిగ్గుపడి చెప్పకపోతే? అక్కడే ప్రమాదం.

కాగితం ఎవరు మోస్తారు?

మళ్లీ ముదిగొండ మిరప చేను దగ్గరికి వద్దాం. ఏరుళ్లు ఏప్రిల్ దాకా. ఆ తర్వాత గుడిసె ఎత్తేయాలి. వైద్యం ఒక చోట మొదలైతే కూలి మనిషిని ఇంకో చోటికి లాక్కెళ్తుంది. అతను భద్రాచలం అవతలి పల్లెకు వెళ్లిపోతే రికార్డులో 'మానేశాడు' అని పడుతుంది. నిజానికి మానేసింది అతనా? అతని వెంట వెళ్లాల్సిన మందా?

దీనికీ దారి ఉంది. ప్రతి క్షయ రోగి పేరూ 'నిక్షయ్' అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతుంది. ఊరు మారే ముందు ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో ఒక్క మాట చెబితే చాలు. వెళ్లే చోటి ఆసుపత్రికి పేరు మార్చి మందులు అక్కడే అందేలా చూడొచ్చు. వైద్యం జరిగినన్నాళ్లూ పోషకాహారానికి ప్రభుత్వం నెలకు డబ్బు ఇస్తుంది. 2018 ఏప్రిల్‌లో 500 రూపాయలతో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు చేశారు. బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే నేరుగా అందులోనే పడుతుంది.

రోగి బాధ్యత లేదని కాదు. ఉంది. కాస్త నెమ్మదించగానే మాత్రలు ఆపేయడం ఇవాళ్టికీ పెద్ద ముప్పే. కానీ తప్పంతా రోగిదే అనుకుంటే మిగతావాళ్లు చేయాల్సిన పని ఆగిపోతుంది. తిడతారని భయపడ్డ మనిషి రెండోసారి ఆసుపత్రి గడప తొక్కడు. జబ్బు దాచుకుంటాడు. దాచుకున్న దగ్గు గుడిసెలో పిల్లలకు చేరుతుంది.

ఇంట్లో ఇవి గుర్తుంచుకోవాలి

* రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రెండు వారాలు ఆగక్కర్లేదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే వెళ్లాలి.

* హెచ్‌ఐవీ ఉండి, మామూలు తెమడ పరీక్షలో ఏమీ లేదని వస్తే అక్కడితో ఊరుకోకూడదు. జీన్ ఎక్స్‌పర్ట్ లేదా ట్రూనాట్ పరీక్ష అడగాలి. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం.

* క్షయ అని తేలిన ప్రతివారూ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి. ఫలితాన్ని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం నిషేధిస్తుంది.

* క్షయ లేని హెచ్‌ఐవీ బాధితులు ముందుజాగ్రత్త మాత్రల గురించి ఏఆర్‌టీ కేంద్రంలో అడగాలి. నిద్రపోతున్న క్రిమిని నిద్రలోనే మట్టుబెట్టొచ్చు.

* రోగి ఉన్న గదిలో కిటికీలు తెరిచి ఉంచాలి. గాలి, వెలుతురు పైసా ఖర్చులేని మందు.

* వేరే ఏ జబ్బుకు ఏ మాత్ర వాడుతున్నా రెండు చోట్లా డాక్టర్లకు చెప్పాలి.

క్షయ క్రిమికి కులం, ఊరు, పరువు తెలియవు. దానికి తెలిసింది సందు ఒక్కటే. పరీక్షకూ పరీక్షకూ మధ్య సందు, మాత్రకూ మాత్రకూ మధ్య సందు, ఊరికీ ఊరికీ మధ్య సందు. ఆ సందులన్నీ రోగి ఒక్కడే పూడ్చలేడు. వచ్చే మిరప కోతల్లో చేను గట్టున ఎవరైనా ఆగకుండా దగ్గుతుంటే, 'ఘాటులే' అని వదిలేయకుండా ఒకపూట పని మాన్పించి ఆసుపత్రికి పంపితే... సగం పని అక్కడే అయినట్టు!